మార్గం అంటే వెదికేది

సందేహం: అట్లాంటిక్ మహాసముద్రం మీద ఎగిరే విమానాలకు రోజూ కొత్తగా మార్గాలు నిర్ణయిస్తారని చదివాను. నేలే లేని చోట, పూటపూటకూ మారిపోయేదాన్ని ‘మార్గం’ అనవచ్చునా? ఆ విమానాలు ‘గాలివాటంగా’ సాగుతాయని నేను రాస్తే మిత్రుడొకరు తప్పుపట్టారు.
— ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాదు

సమాధానం: నిస్సంకోచంగా అనవచ్చును. మార్గమంటే నేలమీద పరచి ఉన్న బాట అనే భావం మనకు స్థిరపడిపోయింది గాని, సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ‘మార్గ అన్వేషణే’ అంటుంది. అంటే వెదకడమే ఆ ధాతువుకు అర్థం. దాని తోడబుట్టిన ‘మృగ’ ధాతువుకూ అదే అర్థం. వేటగాడు వెదుక్కుంటూ పోయేది మృగం, అది నడిచిన జాడ మార్గం. వెదకినా దొరకనిదాన్ని మృగ్యమని నేటికీ అంటున్నాం. బాణానికీ, యాచకుడికీ కూడా మార్గణమనే పేరు ఈ వెదకులాట వల్లనే వచ్చింది.

ఇక సముద్రం మీద జరిగేది చూడండి. లండను, న్యూయార్కుల నడుమ అతి దగ్గరి దారి పటంలో ఉత్తరానికి వంగిన చాపంలా కనిపిస్తుంది. అయితే దగ్గరి దారే త్వరగా చేర్చే దారి కాదు. పైన పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది, దాని చోటు రోజుకో తీరుగా మారుతుంది. తూర్పుకు పోయేవారు ఆ గాలిలోకి చేరాలి, పడమరకు పోయేవారు దాన్ని తప్పించుకోవాలి. అందుకే రాత్రి తూర్పుకు పోయే విమానాల గీతలను కెనడాలోని గాండర్ కేంద్రమూ, పగలు పడమరకు పోయేవాటిని బ్రిటన్, ఐర్లండ్‌లు కలిసి నడిపే షాన్విక్ కేంద్రమూ ఏ రోజుకా రోజు గీసి ప్రకటిస్తాయి. పడమర గీతలకు ఎ, బి, సి అని మొదటి నుంచీ, తూర్పు గీతలకు జెడ్, వై, ఎక్స్ అని చివరి నుంచీ పేర్లు పెడతారు. నడిసముద్రాన్ని నేలమీది రాడార్లు అందుకోలేవు కనుక, విమానానికీ విమానానికీ నడుమ ఎడం కూడా ముందే లెక్కించాలి. రెండింజన్ల విమానమైతే, ఒక ఇంజను ఆగినా నిర్ణీత వ్యవధిలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. ఒకప్పుడు 60 నిమిషాలుగా ఉన్న ఆ గడువును 1985 నుంచి 120 నిమిషాల దాకా అనుమతించసాగారు. ఇన్నీ వెదికి చూసిన తరువాత మిగిలే గీతకు మార్గమన్న పేరు కాక మరేది తగుతుంది?

గాలివాటం విషయంలో మీ మిత్రుని మాటను సగమే ఒప్పుకుంటాను. గాలివాటు అంటే గాలి వీచే వైపు. గాలివాటు చూసి తెరచాప ఎత్తడం సరంగు నేర్పు. దాన్ని ‘గాలివాటంగా గెలిచాడు’ అంటూ అదృష్టానికీ అజాగ్రత్తకూ కట్టిపెట్టి, నేర్పు చెప్పే మాటను నేర్పులేనితనానికి గుర్తుగా మార్చిన పాపం మన పత్రికలదే. అయినా నేటి పాఠకుడికి ఆ అర్థమే ముందు తోస్తుంది గనుక, ‘గాలివాటంగా సాగుతాయి’ అనకుండా ‘గాలివాటు చూసి సాగుతాయి’ అనండి.

దారి, త్రోవ కూడా తప్పు కావు. తెరువు మంచి మాట. బతుకుతెరువులో తప్ప దాన్ని వాడడం మానేశాం. అది ‘తెఱచు’ నుంచి పుట్టిందని కొందరంటారు, కాని తెఱచులో ఉన్నది బండి ఱ, తెరువులో ఉన్నది మామూలు ర. తమిళంలో వీధికి చెప్పే ‘తెరు’ దీనికి దగ్గరి చుట్టం. ‘విమానపు తెరువు’ అని నేనైతే రాస్తాను. అందరూ అలాగే రాయాలని మాత్రం అనను. ‘రూట్ ప్లాన్ చేయబడింది’ అని మాత్రం దయచేసి రాయకండి.