బాబుకు ఏడీహెచ్‌డీ ఉందా, తొందరపడి పేరు పెట్టారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకు మొన్న మే నెలలో ఐదేళ్లు నిండగానే జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాము. కుదురుగా కూర్చోడని, బోర్డు మీద ఉన్నది నోట్‌బుక్‌లో రాసుకోడని, ఇంగ్లిష్ అక్షరాలు ‘బి’, ‘డి’ తారుమారు చేస్తాడని డైరీలో రాసి పంపుతున్నారు. స్కూలు కౌన్సెలర్ టీచరు చేత ఒక ఫారం నింపించి, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం)తో పాటు డిస్‌లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది) కూడా ఉందని, స్కూల్లోనే వారానికి ఐదు రోజులు థెరపీ ఇప్పించాలని చెప్పారు. మా అత్తగారేమో, వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడని కొట్టిపారేస్తున్నారు. మా చిన్నతనంలో వినని ఈ సమస్యలు ఇప్పుడు ఇంతమందిలో ఎలా కనిపిస్తున్నాయి? లేనివి అంటగడుతున్నారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో నా దృష్టి ముందుగా పడింది బాబు పుట్టిన నెల మీద. మే నెలలో ఐదేళ్లు నిండి జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లిన పిల్లవాడు ఆ గదిలో బహుశా అందరికన్నా చిన్నవాడు. పక్కన కూర్చున్న పిల్లవాడు అతనికన్నా ఏడాది పెద్దవాడైనా ఆశ్చర్యం లేదు. ఐదేళ్ల వయసులో ఏడాది అంటే అతని జీవితంలో ఐదో వంతు. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్షగాని స్కానింగ్‌గాని లేవు, తల్లిదండ్రులూ టీచర్లూ చెప్పే వివరాలూ, డాక్టరు స్వయంగా గమనించినవే ఆధారం. ‘మాటిమాటికీ సీట్లోంచి లేస్తాడు’ అన్న వాక్యం ఎదుట టీచరు టిక్కు పెట్టేటప్పుడు, తనకు తెలియకుండానే తరగతిలోని మిగతా పిల్లలతో పోల్చి చూస్తారు. ఆ పోలికలో చిన్నవాడికి ఎప్పుడూ నష్టమే.

అమెరికాలో నాలుగు లక్షలకు పైగా పిల్లల వివరాలతో చేసిన ఒక అధ్యయనం 2018లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితేనే బడిలో చేర్చుకునే రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లయిన పిల్లల్లో ప్రతి 10,000 మందిలో 85 మందికి ఏడీహెచ్‌డీ ఉందని నిర్ధారించగా, సెప్టెంబరులో పుట్టి అందరికన్నా పెద్దవాళ్లయిన పిల్లల్లో ఆ సంఖ్య 64 మాత్రమే. ఆ నిబంధన లేని రాష్ట్రాల్లో ఈ రెండు నెలల మధ్య అంత తేడా కనిపించలేదు. ఆగస్టులో పుట్టడం జబ్బు కాదు కదా! అంటే కొందరు పిల్లలకు వయసు చాలకపోవడాన్నే రుగ్మతగా లెక్కగట్టారన్నమాట.

కాబట్టి అతినిర్ధారణ జరుగుతోందనే నా అభిప్రాయం. ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం పిల్లల్లో ఏడీహెచ్‌డీ 5 శాతం దగ్గర ఉంటే, అమెరికాలో 2022 నాటి సర్వేలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 11 శాతానికి పైగా మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరు పెట్టినట్టు తల్లిదండ్రులు చెప్పారు. ఈ పెరుగుదలలో అవగాహన పాత్ర కొంత ఉంది, 2013లో నిర్ధారణ నియమాలు సడలించడం పాత్ర కూడా కొంత ఉంది.

డిస్‌లెక్సియా మాట ఇంకా తొందరపాటు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఇంగ్లిష్ అక్షరాలు దిద్దుతున్న ఐదేళ్ల పిల్లవాడు ‘బి’, ‘డి’లను తారుమారు చేయడం మామూలే. మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 డిస్‌లెక్సియా లాంటి అభ్యసన (నేర్చుకునే) వైకల్యాన్ని గుర్తించింది. దాని కింద 2018లో వచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువీకరణ పత్రం ఇవ్వాలన్నాయి. చదవడం నేర్పడానికి తగినంత సమయం ఇవ్వకుండా, చదవలేకపోతున్నాడని తేల్చడం కుదరదు. పరీక్ష చేసినవారే థెరపీ కూడా అమ్మే పద్ధతి, నిజం చెప్పాలంటే, నాకు బొత్తిగా నచ్చదు.

అలాగని మీ అత్తగారి మాటతో నిశ్చింతగా ఉండమనీ చెప్పలేను. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదే కనుక, తండ్రి పోలిక అనేది సమస్య లేదనడానికి రుజువు కాదు. మన చిన్నతనంలో ఇవి లేకపోలేదు. మొద్దు అనీ, పొగరు అనీ పేర్లు పెట్టి, గోడకుర్చీ వేయించి, చివరికి బడి మాన్పించేవారు. ఇప్పటికీ పల్లెల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, నిజంగా ఉన్న సమస్య ఎవరి కంటా పడదు. నాలుగో తరగతి చదివే ఒక పాప తెలుగు పాఠం మొదటి నుంచి చివరి దాకా గడగడా అప్పజెప్పింది. అదే పాఠం మధ్యలో ‘పుస్తకం’ అన్న మాట మీద వేలు పెట్టి అడిగితే, మొదటి అక్షరం చూసి ‘పువ్వు’ అంది. అల్లరి చేయదు కాబట్టి ఆ పాప గురించి డైరీలో ఎవరూ ఏమీ రాయలేదు.

మీరు ముందుగా బాబుకు వినికిడి, చూపు పరీక్షలు చేయించండి, రక్తహీనత ఉందేమో చూపించండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో, గురక పెడుతున్నాడేమో గమనించండి. ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలకకపోతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఒక రకం మూర్ఛ అలాగే ఉంటుంది. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు కనీసం ఆరు నెలలుగా, బడిలోనే కాక ఇంట్లోనో మరోచోటనో కూడా ఉండి, రోజువారీ పనులకు అడ్డు రావాలి. ఇంట్లో అన్నం తినేటప్పుడు, కథ వినేటప్పుడు, ఆటలో తన వంతు కోసం ఆగాల్సి వచ్చినప్పుడు ఎలా ఉంటున్నాడో రాసిపెట్టుకుని, పిల్లల మానసిక వైద్యులకో, పిల్లల ఎదుగుదలను చూసే వైద్యులకో చూపించండి. జిల్లా స్థాయి ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ)లోనూ పరీక్ష చేయించుకోవచ్చు. నిజంగా ఏడీహెచ్‌డీ అని తేలినా, ఈ వయసులో మందుల కన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడమే పద్ధతి.

ఈలోగా థెరపీకి డబ్బు కట్టకండి. జాతీయ విద్యా విధానం, 2020 కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండాలంటోంది కాబట్టి, బాబును ఈ ఏడాది యూకేజీలో కూర్చోబెట్టమని స్కూలును అడగండి. ఏడాది వృథా అవుతుందని చుట్టాలు అంటారు, అననివ్వండి. అయితే బాబు వచ్చిన మాటలు మరిచిపోతున్నా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, రోడ్డు మీదికి భయం లేకుండా పరుగెత్తుతున్నా ఈ సలహా పక్కన పెట్టి ఈ వారమే డాక్టరును కలవండి.