‘మిగిలిపోతుంది’ అన్న మాట తీసెయ్యి

అమ్మాయీ,

పిండం ఆడో మగో ఎలా అవుతుందన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆరు వారాల పిండంలో బీజగ్రంథి (తర్వాత వృషణమో అండాశయమో అయ్యేది) ఇంకా అటో ఇటో తేలని మొగ్గలా ఉంటుందనీ, దాని పక్కనే ఆడ నాళాలూ మగ నాళాలూ రెండూ సిద్ధంగా ఉంటాయనీ రాసిన చోటు బాగుంది. కానీ మూడో పేరాలో "ఎస్‌ఆర్‌వై జన్యువు లేకపోతే పిండం ఆడగానే మిగిలిపోతుంది" అన్నావు. ఆ ‘మిగిలిపోతుంది’ దగ్గర నాకు ముందుకు సాగబుద్ధి కాలేదు.

ఒకప్పుడు నేనూ ఆ మాటే రాశాను. 1990లో లండన్‌లో వై క్రోమోజోమ్ మీద, వృషణం ఏర్పడేలా చేసే ఈ ఎస్‌ఆర్‌వైని గుర్తించారు. మరుసటి ఏడాది ఆ జన్యువున్న డీఎన్‌ఏ ముక్కను ఎక్స్‌ఎక్స్ (అంటే ఆడ కావలసిన) ఎలుక పిండంలో చేరిస్తే అది మగ ఎలుకగా పెరిగింది. ఆ ఉత్సాహంలో రాత్రంతా కూర్చుని రాశాను. మా అక్కకు ముగ్గురూ ఆడపిల్లలే. అత్తగారి మాటలు పడీ పడీ అలిసిపోయింది. ఎక్సో వైయో వచ్చేది తండ్రి వైపు నుంచేనని రాశానుగా, సంతోషిస్తుందని చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విని, "అయితే నా పిల్లలు ఏదో లేకపోబట్టి పుట్టారన్నమాట" అంది. నాకు జవాబు తోచలేదు.

ఆ జవాబు మెల్లగా దొరికింది: అండాశయాన్ని నిలబెట్టడానికి కూడా జన్యువులు పనిచేయాలి. 1999లో ఆడ ఎలుకల్లో వింట్-4 జన్యువును తీసేస్తే వాటి అండాశయాలు పుట్టకముందే మగ హార్మోన్ తయారుచేశాయి. 2006లో ఒక ఇటలీ కుటుంబం సంగతి బయటికొచ్చింది. ఎక్స్‌ఎక్స్ ఉన్న అన్నదమ్ములు, ఎస్‌ఆర్‌వై అసలు లేదు, అయినా మగవాళ్లు. వాళ్లలో పాడైంది ఆర్‌స్పాండిన్-1 అనే జన్యువు. ఎస్‌ఆర్‌వై లేకపోతే ఊరికే ఆడ అయిపోయేట్టయితే వీళ్లు మగవాళ్లు ఎలా అయ్యారు? 2009లో ఇంకా పెద్ద ఆశ్చర్యం. పూర్తిగా ఎదిగిన ఆడ ఎలుకలో ఫాక్స్‌ఎల్-2 అనే జన్యువును ఆపేస్తే, అండాశయంలోని కణాలు వృషణంలోని కణాల్లా మారిపోయాయి. అంటే అండాశయం ఒకసారి ఏర్పడితే సరిపోదు. బతికినన్నాళ్లూ తనను తాను కాపాడుకుంటూనే ఉండాలి.

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకో. 1940లలో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే శాస్త్రవేత్త గర్భంలో ఉన్న కుందేలు పిల్లల బీజగ్రంథులు తీసేశాడు. ఆడవైనా మగవైనా అన్నిటికీ ఆడ నాళాలే ఏర్పడ్డాయి. ఆయన చూసింది నాళాల సంగతి. దాన్ని బీజగ్రంథికి కూడా అంటగట్టింది తర్వాత రాసినవాళ్లు. పైగా 2017లో ఎలుకల్లో తేలిందేమిటంటే, ఆడ పిండంలో మగ నాళం దానంతట అది కరిగిపోవడం లేదు. దాన్ని తొలగించడానికి ఒక ప్రోటీన్ పనిచేయాలి.

ఇవన్నీ కలిపి రాసి పంపిస్తే, ఒక సంపాదకుడు అండాశయం మీదున్న మూడు పేరాలూ కోసేశాడు. "మగ జన్యువు అంటే చదువుతారు గానీ అండాశయం ఎవరికి కావాలి?" అన్నాడు. ఆ కోతను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంకొకటి. ఎస్‌ఆర్‌వైని రాజును చేశావు. ఎలుక పిండంలో అది పనిచేసేది రెండు రోజులే. పదిన్నరో రోజున మొదలై పన్నెండున్నర కల్లా ఆగిపోతుంది. సాక్స్-9 అనే మరో జన్యువును లేపడమే దాని పని, తర్వాత వృషణాన్ని నిలబెట్టేది సాక్స్-9. ఆ సాక్స్-9కి ఐదు లక్షల డీఎన్‌ఏ అక్షరాలకు పైగా దూరంలో దాన్ని పనిచేయించే 557 అక్షరాల డీఎన్‌ఏ ముక్క ఉంది. 2018లో ఆ ముక్కను తీసేస్తే, ఎస్‌ఆర్‌వై ఉండి కూడా ఎక్స్‌వై (మగ కావలసిన) ఎలుకలకు అండాశయాలు వచ్చాయి. ఇంత మంచి సంగతిని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు!

అందుకే నీ క్రియాపదాలు మళ్లీ చూసుకో. నీ వ్యాసంలో వృషణం ‘నిర్మిస్తుంది’, ‘ఆదేశిస్తుంది’, ‘గెలుస్తుంది’. అండాశయానికి ఒక్క పని కూడా ఇవ్వలేదు.

ఏ పత్రికకు పంపాలి, పారిభాషిక పదాలు తెలుగు చెయ్యాలా అని అడిగావు. అవి తర్వాత. ముందు మూడో పేరా తిరగరాసి నాకు పంపు. అక్కకు ఇప్పుడు చూపు ఆనదు, వాళ్ల పెద్దమ్మాయి చేత చదివించి వినిపించాలి.