సముద్రగుర్రాలు తెచ్చుకునే ముందు వాటి తిండి సంగతి చూడండి

ప్రశ్న: గప్పీలు, గోల్డ్‌ఫిష్ పెంచిన అలవాటు ఉంది. ఇప్పుడు ఒక జత సముద్రగుర్రాలు పెంచాలని ఇంట్లో అందరికీ సరదాగా ఉంది. ఖాళీగా పడివున్న 60 లీటర్ల తొట్టెలో ఉప్పు కలిపి వదిలితే చాలా? ఇంకా ఏమేం కావాలి?

జవాబు: చాలదండీ. ఆ తొట్టె చిన్నది, పైగా వంటింటి ఉప్పు అస్సలు పనికిరాదు. మెరైన్ సాల్ట్ అని అక్వేరియంల కోసమే అమ్ముతారు, దాన్ని ఆర్‌ఓ నీళ్ళలో కలపాలి.

అసలు చిక్కంతా వీటి తిండితోనే. సముద్రగుర్రానికి పళ్ళు లేవు, జీర్ణాశయమూ లేదు. గొట్టంలాంటి మూతితో పీల్చుకున్నది నేరుగా పేగులోకి పోయి, సగం అరిగీ అరక్కుండానే బయటికి వచ్చేస్తుంది కాబట్టి రోజుకు రెండు మూడు సార్లయినా తిండి వేయాలి, వేసినదాంట్లో కొంత ఎలాగూ అడుగున పడి కుళ్ళుతుంది, దాంతో నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది. తక్కువ వేస్తే అవి చిక్కిపోతాయి, ఎక్కువ వేస్తే నీళ్ళు పాడవుతాయి. అందుకే పెద్ద తొట్టె, మంచి ఫిల్టర్ కావాలనేది. జతకు కనీసం 110-120 లీటర్లు చూసుకోండి. వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఎందుకంటే జతకట్టేటప్పుడు అవి నిలువుగా పైకి లేస్తాయి. మిగిలిన తిండిని సన్నటి పైపుతో ప్రతిరోజూ లాగేయాలి. ఈ పని బద్ధకం అనుకుంటే మాత్రం గప్పీలతోనే హాయిగా ఉండండి!

ఉప్పు నీళ్ళు నింపాక వెంటనే ప్రాణుల్ని వదలొద్దు. అమ్మోనియాను, ఆ తర్వాత దాన్నుంచి వచ్చే నైట్రైట్‌ను మార్చేసే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో ఆ రెండూ సున్నా చూపించాకే తెచ్చుకోండి. ఉప్పునీళ్ళ సాంద్రత (మంచినీళ్ళది 1 అనుకుంటే) 1.023-1.025 మధ్య ఉంచండి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది, కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్ళే, అంటే ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్ళే పోయాలి. కొత్తవాళ్ళు ఇక్కడే మళ్ళీ ఉప్పునీళ్ళు పోసేస్తుంటారు.

వేడి కూడా పెద్ద టెన్షనే. ఎక్కువగా పెంచే ఎరెక్టస్, రీడై జాతులకు 22-24 డిగ్రీలు బాగుంటుంది. అంతకు మించితే కుళ్ళిన తిండి మీద బతికే విబ్రియో లాంటి బాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. గది వేడిగా ఉండేదైతే నీళ్ళను చల్లబరిచే చిల్లర్ పెట్టక తప్పదు. తోకతో పట్టుకుని నిలబడటానికి ప్లాస్టిక్ మొక్కలైనా సముద్రపు నాచైనా సరే, ఏదో ఒకటి పెట్టండి. పంపు నీళ్ళు పీల్చే చోట స్పాంజి తొడగండి, లేకపోతే తోక అందులో ఇరుక్కుంటుంది.

కొనేటప్పుడు ఫారంలో పుట్టి పెరిగినవే అడగండి. సముద్రంలో పట్టినవి తరచుగా బతికున్న రొయ్యపిల్లలు తప్ప ముట్టవు, పరాన్నజీవుల్నీ వెంట తెస్తాయి. ఫ్రీజ్ చేసిన మైసిస్ అనే చిట్టి రొయ్యల్ని మీ ఎదురుగా తినిపించమనండి, తినకపోతే కొనకండి. 2004 నుంచి అన్ని సముద్రగుర్రాల జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య కుదిరిన) ఒప్పందం కింద నియంత్రణ ఉంది, కొన్ని దేశాల్లో వీటిని దగ్గర పెట్టుకోవడమే నేరం. మీరుండే చోట చట్టం ఏమంటుందో తొట్టె కొనకముందే కనుక్కోండి.

ప్రశ్న: తోడుగా క్లౌన్‌ఫిష్, సీ అనిమోన్ పెట్టొచ్చా?

జవాబు: వద్దు. అనిమోన్ కుడుతుంది, దానికి అతుక్కున్న సముద్రగుర్రం గాయపడుతుంది. క్లౌన్‌ఫిష్ చురుకైనది, ఇవి ఒక్క రొయ్యను తీరిగ్గా చూసి పీల్చేలోపు మిగతావన్నీ మింగేస్తుంది. పీతలూ వద్దు. చిన్న నత్తలు పర్వాలేదు, అడుగున పడింది కొంత తింటాయి కూడా.

ప్రశ్న: మగదే పిల్లల్ని కంటుందట కదా, ఇంట్లో పుడితే ఏం చేయాలి?

జవాబు: నిజమే, ఆడది గుడ్లు పెట్టేది మగదాని సంచిలోనే. పెద్ద జాతుల్లో ఒక్క కాన్పుకు వందల పిల్లలు రావచ్చు. వాటికి విడిగా తొట్టె, కళ్ళకు సరిగ్గా ఆనని బతికున్న తిండి రోజుకు చాలాసార్లు కావాలి. అన్నీ సరిగ్గా చేసినా చాలావరకు చనిపోతాయి. మొదటి ఏడాది ఆ ఆలోచన పెట్టుకోకండి, జత బదులు రెండూ ఆడవే తెచ్చుకుంటే ఇంకా సులువు.