హోటల్‌లో బిజినెస్ సెమినార్‌కి ఫ్రెండ్ పిలుస్తున్నాడు, ఊరికే విని వస్తే నష్టమా?

ఫ్రెండ్ పిలిచిన సెమినార్ గురించి మీ తమ్ముడు "విని వస్తాను, డబ్బులు మాత్రం కట్టను" అంటున్నాడని రాశారు. ఆ హాల్లోకి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ అలా అనుకునే వస్తారండి. నేను కొన్నేళ్ళు విజయవాడలో సౌండ్ సిస్టమ్, ప్రొజెక్టర్ అద్దెకిచ్చే షాపులో పనిచేశాను. ముహూర్తాలు లేని ఆదివారాల్లో మాకు ఎక్కువగా దొరికే ఆర్డర్లు గొలుసుకట్టు కంపెనీల మీటింగులే. మిక్సర్ దగ్గర కూర్చుని చూసింది చెప్తాను.

ఎప్పుడు పాట పెంచాలి, ఎవరు స్టేజి ఎక్కితే లైట్లు తగ్గించాలి అన్నీ ముందే కాగితం మీద రాసిచ్చేవారు. "ఆటో తోలుకునేవాణ్ణి, ఇవాళ సొంత కారు" అంటూ ఏడ్చే ఒకాయన ప్రతి మీటింగులోనూ అదే వాక్యం దగ్గర ఏడ్చేవాడు. దానికి కాస్త ముందు ఫ్లూట్ ట్రాక్ వేయడం నా డ్యూటీ. ముందు రెండు వరుసలూ వాళ్ళ మనుషులే. వాళ్ళు లేచి చప్పట్లు కొడితే వెనకవాళ్ళు మొహమాటానికి లేస్తారు. కుర్చీలు కావాలనే తక్కువ వేయించి, జనం వచ్చాక హడావిడిగా ఇంకో వరుస తెప్పించేవారు. భోజనం మూడింటిదాకా పెట్టనిచ్చేవారు కాదు. సాంబారు చల్లారిపోతోందని హోటల్ కుర్రాళ్ళు మా దగ్గరికొచ్చి గొణుక్కునేవారు.

నాకు నవ్వొచ్చేది ధర స్లైడు చూస్తే. ప్యాకేజీ మూడు లక్షలు అని పడుతుంది. దాన్ని కొట్టేసి లక్షన్నర. ఆఖర్న "ఈ హాల్లో ఉన్నవాళ్ళకి, సాయంత్రం ఆరు లోపు" 75 వేలు. ఆ తర్వాత "ఇంకా 7 సీట్లే ఉన్నాయి". ఆ 7 సీట్ల స్లైడు హాలు తలుపులు తీయకముందే నా ల్యాప్‌టాప్‌లో ఉండేది. పై ఆదివారమూ అదే స్లైడు.

అసలు ఒత్తిడి మైకు ఆగాక వెనక బల్లల దగ్గర మొదలవుతుంది. పిలిచిన ఫ్రెండ్ పక్కన, కోటు వేసుకున్న "సీనియర్" ఎదురుగా కూర్చుంటారు. "ఇంట్లో అడిగి చెప్తాను" అంటే "అమ్మానాన్నని అడిగి కోటీశ్వరుడైనవాణ్ణి ఒక్కణ్ణి చూపించు తమ్ముడూ" అంటారు. పెళ్ళైన ఆడవాళ్ళనైతే "దీనికి కూడా సార్ పర్మిషన్ కావాలా మేడమ్?" అని అడుగుతారు. డబ్బు లేదంటే అక్కడే ఫోన్‌లో లోన్ యాప్ వేయిస్తారు. ముక్కూ మొహం తెలియని సేల్స్‌మన్‌కైతే వద్దని లేచొచ్చేస్తాం. ఇక్కడ వద్దంటే చిన్నబోయేది కాలేజీ స్నేహితుడు. అతనూ పాపం డబ్బు కట్టి, ఎవర్నో ఒకర్ని తేకపోతే అది తిరిగిరాదన్న టెన్షన్‌లో ఉన్నవాడే. వీళ్ళు కరపత్రాలు పంచకుండా, చేరిన వెంటనే వంద మంది బంధువులు, స్నేహితుల పేర్లు రాయించేది అందుకే. ఒక్కొక్కరూ ఐదుగురిని చేర్చుకుంటూ పోతే 13వ మెట్టు దగ్గర 122 కోట్ల మంది కావాలి. ఆ లెక్క ఏ స్లైడులోనూ చూడలేదు.

చట్టం సంగతి తమ్ముడికి తప్పకుండా చెప్పండి. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధించే 1978 నాటి చట్టం కింద, మనుషుల్ని చేర్పించి డబ్బు సంపాదించే స్కీములో సభ్యుడిగా చేరడం, ఇంకొకర్ని చేర్చడం కూడా నేరమే. మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. షాపు లేకుండా నేరుగా మనుషుల ద్వారా సరుకు అమ్మే కంపెనీలకి పెట్టిన 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా, ఇలా కిందకి మనుషుల్ని చేర్చుకుంటూ పోయే పిరమిడ్ స్కీములు నడపకూడదంటున్నాయి. తెర మీద సినిమా వాళ్ళ ఫొటోలు చూసి నమ్మితే, 2019లో క్యూనెట్ అనే గొలుసుకట్టు కంపెనీ కేసులో సైబరాబాద్ పోలీసులు ప్రచారం చేసిన నటులకే నోటీసులిచ్చారని గుర్తుచేయండి.

అయినా వెళ్తానంటే కార్డులు, పాన్, ఆధార్ ఇంట్లో పెట్టి వెళ్ళమనండి. యూపీఐ ఉన్న ఖాతాలో పెట్రోలు డబ్బులు ఉంచితే చాలు. ఫ్రెండ్ కారులో వద్దు, సొంత బండి మీద వెళ్తే లేవాలనుకున్నప్పుడు లేవొచ్చు. అక్కడ ఒక్కటి అడగమనండి: కంపెనీలో చేరనివాళ్ళకి సరుకు అమ్మి పోయిన నెల మీకెంత మిగిలింది?

ఒకవేళ కట్టేసి వస్తే తిట్టకండి, తిడితే వాళ్ళ దగ్గరికే పోతాడు. రసీదు, ఒప్పందం, వాట్సాప్ మెసేజీలు జాగ్రత్తగా పెట్టండి. ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని రద్దు చేసుకోడానికి ఇచ్చే గడువు, ఎంతుందో చూసి, ఆలోపే రద్దు చేయమని ఈమెయిల్ పంపించండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, మోసం అనిపిస్తే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు వెనక్కి అడగగానే "ఆదివారం మీటింగ్‌కి రండి, సార్‌తో మాట్లాడిస్తాం" అంటారు. ఆ మీటింగ్‌కి మాత్రం పంపకండి.