వంగిన నడుములు, ఊరి నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర మెట్ట గ్రామం. మా మామగారికి యాభై ఏళ్లకే మెడ తిరగడం మానేసింది, నడుము వంగిపోయింది. పదేళ్ల మా పాపకు పళ్ల మీద గోధుమరంగు గార పట్టింది. ఈ మధ్య మా ఆడపడుచును చూడవచ్చినవారు “ఎముకల జబ్బు ఆ వంశంలోనే ఉంది” అని వెళ్లిపోయారు. ఇది నిజంగా వంశపారంపర్యమా? నీళ్లు కాచి తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కనిగిరి మండలం

సమాధానం: మీరు చెప్పిన లక్షణాలు ఫ్లోరోసిస్‌ను, అంటే నీటిలో ఫ్లోరైడు అనే లవణం ఎక్కువై పళ్లకు, ఎముకలకు పట్టే జబ్బును తలపిస్తున్నాయి. ఎక్స్‌రే తీయించి, తాగే నీటిని పరీక్ష చేయిస్తే ఆ సంగతి తేలుతుంది. ఇది వంశంలో వచ్చే జబ్బు కాదు. తాత, తండ్రి, మనవరాలు ఒకే బోరు నీళ్లు తాగుతారు కాబట్టి చూసేవారికి అది వంశంలో పారుతున్నట్టు కనిపిస్తుంది. చిన్నతనంలోనే మంచి నీళ్లున్న ఊరికి వెళ్లి స్థిరపడిన అన్నదమ్ములకు ఈ జబ్బు ఉండదు. వేరే ఊరినుంచి కోడలిగా వచ్చి ఇక్కడి నీళ్లు ఏళ్ల తరబడి తాగిన స్త్రీకి మాత్రం కీళ్లు బిగుసుకుపోవచ్చు. సంబంధం వద్దనుకున్నవారు ముందుగా తమ ఊరి బోరు నీటిని పరీక్ష చేయించుకోవడం మంచిదని చెప్పాలనిపిస్తున్నది.

మీ ప్రాంతానికి ఈ జబ్బుతో పాత పరిచయమే ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. మన దేశంలో ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మొదటిసారి వైద్యపత్రికలో వివరించింది ఆ నెల్లూరు జిల్లా పల్లెలను చూసిన తరువాతనే. షార్టు అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1937లో ఆ వ్యాసాన్ని ప్రకటించారు. అయితే వైద్యులకన్నా ముందుగా రైతులే దీనిని గుర్తించారని, దుక్కిటెద్దులు కీళ్లు పట్టేసి కాడి లాగలేకపోవడం చూసి నీళ్లమీద అనుమానపడ్డారని చెబుతారు. పశువు విషయంలో నీటిని అనుమానించిన ఊరు మనిషి దగ్గరకు వచ్చేసరికి వంశాన్ని అనుమానించడం నాకు వింతగానే తోస్తుంది.

కారణం భూమిలోనే ఉంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలో మీ ప్రాంతపు రాతిపొరల్లోని ఫ్లోరైడు తేలికగా కరుగుతుంది. రాతితో నీరు ఎంత ఎక్కువకాలం కలిసి ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది కనుక, వానలు తప్పి బోర్లు లోతుకు దిగేకొద్దీ చిక్కు పెరగవచ్చు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం చెబుతున్నది. నీళ్లు కాస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడు అడుగునే మిగులుతుంది. కాబట్టి కాచడం వల్ల సూక్ష్మక్రిములు చస్తాయి గాని, ఫ్లోరైడు సాంద్రత కొంత పెరుగుతుంది.

మీ పాప పళ్ల గార పళ్లపొడితో తోమితే పోయేది కాదు. చిగుళ్ల లోపల పంటి పైపొర తయారవుతున్న తొలి ఏళ్లలో, దాదాపు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీరే దానికి కారణం. పెద్దయ్యాక దంతవైద్యులు మరకను తగ్గించగలరు, పైకి కనబడకుండా కప్పగలరు. పాపకు ఇప్పటినుంచైనా వంటకు, తాగడానికి మంచి నీళ్లు వాడండి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ వంటివి పెట్టండి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు. మన పులుసుకు అది మంచి మాటే గాని, నీటిని మార్చకుండా పులుసునే నమ్ముకోవడం కుదరదు. మామగారి వంగిన నడుము తిరిగి నిటారుగా అవుతుందని ఎవరైనా మాట ఇస్తే డబ్బు ఖర్చు చేయకండి.

ప్రశ్న: మా ఊరి ఆరెంపీ గారు కీళ్లనొప్పులకు వారం వారం సూది వేస్తారు, నొప్పి తగ్గుతుంది. పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన పని ఉందా?
– ఒక పాఠకుడు, పొదిలి

సమాధానం: ఉంది. నొప్పి మాత్రలు, సూదులు నెలల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడు బయటికి పోయేది ముఖ్యంగా మూత్రపిండాల ద్వారానే కాబట్టి, అవి నీరసిస్తే అది ఎముకల్లో మరింతగా పేరుకుంటుంది. ఏ మందు వేస్తున్నారో చీటీ మీద రాయించుకుని, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించుకోండి.

ఆ మాట చెప్పి ఆరెంపీలందరినీ తీసిపారేయడం మాత్రం న్యాయం కాదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వారే. పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరుతో గుర్తుండిపోయిన నెల్లూరు ప్రజావైద్యశాల, పల్లెల నుంచి వచ్చిన యువకులకు శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకే పంపింది. తన హద్దు తెలిసి, హద్దు దాటిన రోగిని సమయానికి పై వైద్యుడి దగ్గరకు పంపే మనిషి ఊళ్లో ఉండటం ఎంత మేలో ఆ శిక్షణ పొందినవారిని చూసినవారికి తెలుసు. మీ ఆరెంపీ గారు అలా పంపుతున్నారా లేదా అన్నదే మీరు చూసుకోవలసినది.

ప్రశ్న: మా అమ్మకు చక్కెర వ్యాధి, మోకాళ్ల నొప్పులు. నెల్లూరు రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె తీసుకుంటానంటున్నది. చదువుకున్నవాళ్లం, అడ్డు చెప్పాలా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ఎందుకు అడ్డు చెప్పాలి? మొహర్రం మాసంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. ఇచ్చేవారు ఏ మతమని పుచ్చుకునేవారు అడగరు. నిరుడు తనకు నయమైందని ముక్కూ మొహం తెలియని స్త్రీ వచ్చి చేతిలో రొట్టె పెడితే, ఏళ్లుగా ఇంట్లో ఒంటరిగా నొప్పి మోస్తున్న మనిషికి కలిగే ధైర్యం తక్కువది కాదు. రొట్టె చక్కెరను తగ్గిస్తుందని మాత్రం నేను చెప్పను. అక్కడికి వెళ్లామని మాత్రలు మానితే ఒప్పుకోకండి. మాత్రలు వేళకు వేయించండి, ఎండలో నిలబడాలి కాబట్టి మంచి నీళ్లు వెంట ఉంచండి, చెరువు మెట్ల మీద జారకుండా చెయ్యి పట్టుకుని మీరే దింపండి. చక్కెర ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి, ఇంటికి రాగానే అరికాళ్లకు గాయమైందేమో చూడండి.