టెక్ సందేహాలు: గొంగళిపురుగు ఫొటో మసకగా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మా పెరట్లో కరివేపాకు మొక్క మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు ఉన్నాయి. నా ఫోన్‌లోని 2 మెగాపిక్సెళ్ల మాక్రో (అతి దగ్గరి ఫొటోల) కెమెరాతో ఎంత దగ్గరగా తీసినా మసకగానే వస్తున్నాయి. కెమెరా మీద తగిలించే క్లిప్ లెన్స్ కొంటే సరిపోతుందా, ఫోనే మార్చాలా?

జవాబు: ఫోన్ మార్చనక్కర్లేదు. తక్కువ ధర ఫోన్లలోని ఇలాంటి మాక్రో కెమెరాలలో చాలావాటికి ఫోకస్ మారదు. దాన్ని సుమారు 4 సెంటీమీటర్ల దూరానికి స్థిరంగా కుదిర్చి ఉంచుతారు కాబట్టి, అంతకన్నా దగ్గరికి జరిపేకొద్దీ మసక పెరుగుతుందే గాని తగ్గదు. ముందుగా మాక్రో మోడ్ ఆపేసి, మెయిన్ కెమెరాకు ఫోకస్ కుదిరేంత దూరం వెనక్కి జరిగి ఫొటో తీసి, తర్వాత కావలసిన మేరకు క్రాప్ చేసి చూడండి. చాలాసార్లు ఇదే మెరుగ్గా వస్తుంది.

అది చాలకపోతే క్లిప్ లెన్స్ మంచి మార్గమే. దాని మీద ప్లస్ 10 డయాప్టర్ (లెన్స్ పవర్ కొలమానం) అని ఉంటే, 100ను ఆ అంకెతో భాగించండి; పురుగు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఫోకస్ కుదురుతుంది. ఇంకా ఎక్కువ పవర్ ఉన్నవాటి జోలికి వెళ్లవద్దని నా సలహా, ఎందుకంటే దూరం తగ్గేకొద్దీ ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది. ఫోకస్‌లో ఉండే మందం కొద్ది మిల్లీమీటర్లే కనుక పురుగును ఎదురుగా కాక పక్కనుంచి, దాని ఒంటికి ఫోన్ సమాంతరంగా ఉండేలా తీయండి.

ఆకులు గాలికి ఊగకముందే, తెల్లవారిన కాసేపటికే తీయడం ఉత్తమం. కొమ్మను బట్టల క్లిప్పుతో ఒక పుల్లకు పట్టించినా చాలు. పురుగును మాత్రం ముట్టుకోవద్దు. నిమ్మజాతి మొక్కల మీద, కరివేపాకు మీద పెరిగే ఈ సీతాకోకచిలుక పిల్లలు చిన్నతనంలో పక్షి రెట్టలా కనిపించి, పెద్దయ్యాక పచ్చబడతాయి. బెదిరితే తల వెనుకనుంచి ఎర్రటి చీలిక కొమ్ములాంటి అవయవాన్ని బయటపెట్టి ఘాటైన వాసన వదులుతాయి. ఆ దృశ్యం కోసం పుల్లతో పొడిచేవారిని చూశాను. ఒక ఫొటో కోసం ప్రాణిని అంత హింసించడం తప్పు.

ప్రశ్న: నా మిర్రర్‌లెస్ కెమెరాకు 1:1 మాక్రో లెన్స్ (వస్తువును సెన్సర్ మీద దాని అసలు సైజులోనే పడేలా చేసేది) ఉంది. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/22 పెట్టినా మందార పువ్వు కేసరాలన్నీ స్పష్టంగా రావడం లేదు.

జవాబు: 1:1 దగ్గర ఆ ఎఫ్/22 దాదాపు ఎఫ్/44లా పనిచేస్తుంది, అంత చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి వంగి విస్తరించి, ఫొటో అంతటినీ మెత్తబరుస్తుంది. ఎఫ్/8 వద్ద ట్రైపాడ్ మీద ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ 15 నుంచి 20 ఫొటోలు తీసి, ఫొటోషాప్‌లో లేయర్లుగా తెరిచి, ఆటో అలైన్ (ఫొటోలను ఒకదానిమీద ఒకటి సరిగ్గా కుదిర్చేది), ఆ తర్వాత ఆటో బ్లెండ్ (వాటిలోని స్పష్టమైన భాగాలను కలిపేది) వాడండి. మందార సాధారణంగా ఒక్కరోజు పువ్వు కనుక ఉదయమే కోసి, ఫ్యాన్ ఆపిన గదిలో కిటికీ పక్కన పెట్టుకుంటే సులువు.