పెనాంగ్‌లో పరిగెత్తే ముందు

దర్గామిట్ట, నెల్లూరు

అమ్మలూ,

మీ నాన్న షష్టిపూర్తికి అందర్నీ ఓడెక్కిస్తున్నావనీ, మలేషియాలోని పెనాంగ్‌లో ఆగినప్పుడు ఇరవై రెండు మందీ కలిసి ఐదు కిలోమీటర్లు సరదాగా పరిగెత్తాలనీ వాట్సాప్‌లో పెట్టావు. చదివి మురిసిపోయాను. మోకాలి ఆపరేషన్ అయి ఇంకా మూడు నెలలు కాలేదు, లేకపోతే మీ అందరికంటే ముందు నేనే బట్టలు సర్దుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట మా వాకింగ్ స్నేహితులతో సింగపూర్‌లో ఎక్కి ఇదే ప్రయాణం చేశాను, పెనాంగ్‌లో పరిగెత్తాను కూడా. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్తే సరిపోదనిపించి తీరిగ్గా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు టైమ్ సంగతి. సింగపూర్‌కీ మలేషియాకీ టైమ్ ఒకటే, మనకంటే రెండున్నర గంటలు ముందు. థాయ్‌లాండ్ మాత్రం వాళ్లకి గంట వెనక. మా ఓడ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో కూడా సింగపూర్ టైమ్ మీదే నడిచింది. అక్కడ ఓడ ఒడ్డుకు రాలేదు, సముద్రంలో లంగరేసి మమ్మల్ని చిన్న పడవల్లో పటోంగ్ బీచ్‌కి చేర్చారు. తిరిగి వెళ్లే ఆఖరి పడవ నాలుగింటికి. ఒడ్డున కాలు పెట్టగానే నా ఫోన్ దానంతటదే గంట వెనక్కి జరిగింది, నేను గమనించలేదు. ఇంకా మూడు కూడా కాలేదని మీ పెద్దమ్మా నేనూ కొబ్బరిబోండాలు తాగుతూ కూర్చున్నాం. పక్కనున్న స్నేహితుడి చేతికి పాత వాచీ ఉంది. అందులో నాలుగుకు పది నిమిషాలు తక్కువ. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పరిగెత్తాం. మేం చేరేసరికి పడవ కుర్రాడు తాడు సగం విప్పి చేతికి చుట్టుకుంటున్నాడు. మీ పెద్దమ్మ ఓడలోకి రానిచ్చే కార్డు చూపించబోతే చెయ్యి వణికి అది రెండుసార్లు కింద పడింది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

అందుకే చెప్తున్నా, చేతికి మామూలు వాచీ పెట్టుకో. ఓడ టైమ్‌కి కలుపుకో, మళ్లీ సింగపూర్‌లో దిగేదాకా ముట్టుకోకు. ఓడ బయల్దేరే టైమ్ వేరు, అందరూ లోపల ఉండాల్సిన టైమ్ వేరు. రెండోది అరగంటో గంటో ముందే ఉంటుంది. మనంతట మనం తిరగడానికి వెళ్లి ఆలస్యమైతే మన కోసం ఓడ ఆగదు, తర్వాతి ఊరికి మన డబ్బుతో మనమే చేరుకోవాలి. లోపల ఉండాల్సిన టైమ్‌కి గంటన్నర ముందే పరుగు పూర్తయ్యేట్టు వెనక నుంచి లెక్క వేసుకో. పాస్‌పోర్ట్ వెంట తెచ్చుకోవాలా, నకలు చాలా అన్నది ముందురోజే ఓడలో అడుగు. ఇరవై రెండు కార్డులూ దిగేటప్పుడు ఒకసారి, ఎక్కబోయే ముందు ఒకసారి లెక్కపెట్టు.

ఇక ఎండ. అక్కడ ఏడు దాటితేగానీ పొద్దు కుంకదు, కాబట్టి సాయంత్రం పరిగెత్తొచ్చు. అయితే అక్కడి అయిదున్నర మన నెల్లూరులో నాలుగుంపావు ఎండతో సమానం. గడియారాన్ని అంత ముందుకు పెట్టుకున్నారు మరి. ఉక్కపోత మాత్రం అచ్చం మనదే. చెమట ఆరదు, ఒంట్లో ఉప్పు పోయేది తెలియదు. లీటరు నీళ్లకి ఒక ఓఆర్ఎస్ పొట్లం చొప్పున ఓడలోనే కలిపి సీసాల్లో పట్టుకెళ్లండి. అరటిపండ్లూ తిండీ ఓడలోంచి ఒడ్డుకు తీసుకెళ్లొద్దు, చాలా దేశాల్లో ఒప్పుకోరు. మధ్యాహ్నం బఫేలో చెయ్యి బిగబట్టమని పిల్లలకి కూడా చెప్పు. పరుగుకు మూడు గంటల ముందే తినడం అయిపోవాలి.

రెండు రాత్రులు ఓడలో ఉండి దిగితే గట్టి నేల కూడా ఊగుతున్నట్టు ఉంటుంది. నాకు రేవు బయట స్తంభం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. దిగీ దిగగానే పరుగు పెట్టించకు. పావుగంట నడిపించు, అందరి తలా కుదుటపడనీ.

రేవు గేటు దాటి కాస్త నడిస్తే విక్టోరియా రాణి పేరుతో గడియార స్తంభం కనబడుతుంది. ఆమె రాజ్యానికి 60 ఏళ్లు నిండినందుకు ఏడాదికో అడుగు చొప్పున 60 అడుగులు కట్టారు. కొంచెం పక్కకి ఒరిగి ఉంటుంది. ఎవరైనా తప్పిపోతే అక్కడికే వచ్చి నిలబడాలని ముందే చెప్పు. దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట, కోటని ఆనుకుని మైదానం, సముద్రపు గోడ వెంట నడవడానికి చక్కటి దారి. ఆ గాలి ముఖానికి తగులుతుంటే నాకు మన మైపాడు బీచ్ గుర్తొచ్చింది. పరుగు అక్కడే పెట్టు. ఐదు కిలోమీటర్లూ ఒకే పొడుగు దారి కాకుండా చిన్న చిన్న చుట్లు పెట్టు. అలసినవాళ్లు ఒక చుట్టుతో కూర్చోవచ్చు, పిల్లలు ఎప్పుడూ కంటికి కనబడుతుంటారు. ఊళ్లోకి మాత్రం పరిగెత్తనివ్వకు. పాత దుకాణాల ముందు వసారాల నిండా బైకులూ తోపుడు బండ్లూ ఉంటాయి.

నువ్వు వేగంగా పరిగెత్తగలవని నాకు తెలుసు. ఆ రోజు మాత్రం అందరికంటే చివర ఉండు. మీ చిన్నత్తకి బీపీ, మీ బాబాయికి షుగర్. ఇద్దర్నీ ఇప్పుడే డాక్టర్‌కి చూపించు, బాబాయి జేబులో గ్లూకోజ్ పొట్లం నువ్వే పెట్టు. వాళ్లు ఆగితే నువ్వూ ఆగాలి. వెనక మనిషి ఉందన్న ధైర్యంతోనే పెద్దవాళ్లు అడుగు వేస్తారు.

ఇంకా ఆరు వారాలుంది. వి.ఆర్.సి. గ్రౌండ్‌లో వారానికి నాలుగు రోజులు నడక, పరుగు కలిపి చేయించు. మైపాడు వెళ్తే నీళ్లు తడిపిన గట్టి ఇసక మీదే పరిగెత్తండి, మెత్తని ఇసకలో పిక్కలు పట్టేస్తాయి. ఆ రోజు కోసమని కొత్త బూట్లు కొనొద్దు, బొబ్బలెక్కి మిగతా ప్రయాణమంతా కుంటాల్సి వస్తుంది. పరుగయ్యాక లిటిల్ ఇండియాలో 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడికి వెళ్లాలనుకుంటే నిక్కర్ల మీద చుట్టుకోవడానికి లుంగీలు, చున్నీలు సంచిలో పెట్టుకోండి.

బహుమతుల గురించి అడిగావు. ఉదయగిరి చెక్క గరిటెలు ఇరవై రెండు తెప్పించాను, అరచేతిలో పట్టేంత చిన్నవి. మీ పెద్దమ్మ ఒక్కోదానికీ ఎర్ర రిబ్బన్ కడుతోంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు. ఓడ రేవు వదిలాక పైడెక్కు మీద ఇవ్వు. మొదటి గరిటె పరుగులో చివరగా వచ్చినవాళ్లకే ఇవ్వు. అది మీ నాన్నే అయితే ఫోటో నాకు వెంటనే పంపు.

మీ పెదనాన్న